మాతృత్వమును గూర్చి మాటలాడువా రెవరు?

2024 సంవత్సరము ఏప్రిలు మాసమున, ఎన్నికల ప్రచారము ముమ్మరముగా సాగుచున్న దినములలో, దర్శి పట్టణమున నొక విశేషము జరిగినది. తెలుగుదేశము పక్షమున శాసనసభ స్థానమునకు పోటీ చేయుచుండిన గొట్టిపాటి లక్ష్మి గారు స్త్రీవైద్యురాలు. కాన్పు కష్టమైన యొక గర్భిణిని గుంటూరునకు తరలింపవలసి వచ్చుచున్నదని తెలిసినంతనే ఆమె ప్రచారమును నిలిపి, దర్శిలోని ఆస్పత్రికి బోయి, తానే ఆపరేషను చేసి, తల్లిని బిడ్డను కాపాడినట్లు పత్రికలు వ్రాసినవి. ఆ వార్త ఒక్క దినములో రాష్ట్రమంతటను వ్యాపించినది.

వైద్యురాలు చేయవలసిన పనిని ఆమె చేసినది. అందులకు మేము సంతోషించితిమి. మేము చెప్పదలచినది ఆమెను గూర్చి కాదు, ఆ వార్తను వ్రాసినవారిని గూర్చియు, చదివిన మనలను గూర్చియు. ఈ కార్యము వలన ఎన్ని వోట్లు పెరుగును అని కొందరు గణించిరి. ఇది ప్రచారముకొరకే యని కొందరు గొణిగిరి. ఒక నియోజకవర్గమునకు ముఖ్యపట్టణమైన చోట, కాన్పు కష్టమైన వేళ కత్తి పట్టగల వైద్యుడు అభ్యర్థి రూపముననే ఏల రావలసెను? ఆ దినమున ఆ డాక్టరు మరియొక పల్లెలో ఉపన్యసించుచు నుండినచో ఆ తల్లి గతి యేమి? దర్శినుండి ఒంగోలు ఏబది కిలోమీటర్లకు పైబడిన దూరము. గుంటూరు అంతకు రెట్టింపు. ఈ ప్రశ్న మేము చూచిన పత్రికలలో నెక్కడను మాకు కానరాలేదు. తల్లి క్షేమము, బిడ్డ క్షేమము, వార్త సమాప్తము!

ఆ జూను 4వ తేదీన వెలువడిన ఫలితములలో బూచేపల్లి శివప్రసాదరెడ్డి గారు గెలిచిరి. ఆయన తల్లి వెంకాయమ్మ గారు 2021లో ప్రకాశము జిల్లా పరిషత్తునకు అధ్యక్షురాలుగా నెన్నికైనవారు. ఒక ప్రక్క అధ్యక్షురాలి కుమారుడు, ఒక ప్రక్క పురుళ్లు పోయు వైద్యురాలు. మాతృత్వమును గూర్చి మాటలాడుటకు ఇంతకన్న తగిన ఎన్నిక యేది? అయినను నిండు నెలలతో మిరపకాయలు కోయు కూలి స్త్రీని గూర్చి ఏ వేదికమీదనైనను ఎవరైనను పలికిన పలుకు మా చెవిని బడలేదు.

మన రాజకీయములలో తల్లికి లోటు లేదు. దేశము భారతమాత, భాష తెలుగుతల్లి. ప్రభుత్వము సొమ్ము పంచదలచినను తల్లి పేరే పెట్టవలెను. 2020 జనవరి 9వ తేదీన ఒక ప్రభుత్వము ‘అమ్మ ఒడి’ని ప్రారంభించి, బడికి బోవు బిడ్డలుగల తల్లికి ఏటికి 15,000 రూపాయలని చెప్పినది. దాని వెనుక వచ్చిన ప్రభుత్వము 2025 జూనులో ‘తల్లికి వందనము’ అని పేరు మార్చి, తల్లికి గాక ఒక్కొక్క బిడ్డకు 15,000 అని చెప్పి, అందులో 2,000 బడి నిర్వహణకని పట్టుకొని తక్కినది ఖాతాలో వేసినది. రెండును పేద యిండ్లకు ఆసరాయైనవే, కాదనము. అయితే ఈ రెంటిలోను తల్లి యనగా బిడ్డకు రావలసిన సొమ్ము పడు బ్యాంకి ఖాతా మాత్రమే. ఆమె దేహమునకు, శ్రమకు, కాలమునకు అందులో లెక్క లేదు.

మన జిల్లాకు పేరిచ్చిన టంగుటూరి ప్రకాశము గారి సంగతియే చూడుడు. తండ్రి పోయిన పిదప ఆయన తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్లిల్లు నడపి బిడ్డలను సాకిరి. పూటకూళ్లమ్మ యనిన లోకమునకు చులకన. పొయ్యిముందు కూర్చుండి, ఊరివారి యన్నము వండి, ఆ డబ్బుతో చదివించిన కుమారుడు బారిష్టరై, తుపాకుల యెదుట రొమ్ము విరిచి నిలిచి, ముఖ్యమంత్రియై, 1972లో ఒక జిల్లాకు పేరైనాడు. మాతృత్వము త్యాగమూర్తి యని యుపన్యసించువారు ఆ పొయ్యిని గూర్చి పలుకరు. ఆమె చేసినది త్యాగము మాత్రమే కాదు. అది పని, కూలిలేని పనికాదు, డబ్బు తెచ్చిన పని. దానిని పనియని యొప్పుకొనిన నాడు తల్లుల పనికి వెల కట్టవలసి వచ్చును గనుకనే త్యాగమను మాట మనకు సుఖముగా నున్నది.

ఇక చట్టమునకు వత్తము. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టములోని 19వ విభాగము ఇద్దరికన్న నెక్కువమంది బిడ్డలు గలవారు పంచాయతీ పదవులకు అనర్హులని శాసించినది. చట్టము అమలులోనికి వచ్చిన యేడాదిలోపల పుట్టిన బిడ్డలకు మాత్రము మినహాయింపు. ఆ కాలముననే, రాజ్యాంగము 73వ సవరణ ననుసరించి, స్త్రీలకు మూడవవంతు స్థానములు కేటాయింపబడినవి. తరువాత మన రాష్ట్రమున అవి సగమైనవి. అనగా ఒక చేతితో కుర్చీ చూపి, రెండవ చేతితో కడుపు లెక్కపెట్టినారు. హర్యానాలోని ఇట్టి చట్టమే సుప్రీము కోర్టు యెదుటికి రాగా, 2003 జూలైలో జావేదు కేసున ఆ న్యాయస్థానము దానిని సమర్థించినది. బిడ్డను దత్తత యిచ్చినంతమాత్రమున అనర్హత తొలగదని కూడ తీర్పరులు చెప్పిరి. ఆ మాట చెప్పవలసి వచ్చినదనగా, పదవికొరకు బిడ్డను పరులకిచ్చుట జరుగుచుండెనని యర్థము. ఆంధ్రప్రదేశముతో సహా ఐదు రాష్ట్రములలో నిర్మలా బుచ్ గారు చేసిన పరిశోధన ఇట్టి దత్తతలను, విడిచిపెట్టబడిన భార్యలను, బలవంతపు గర్భస్రావములను బయటపెట్టినది.

న్యాయవాదులమైన మేము అడుగున దొకటే. మా ప్రాంతపు పల్లెలలో మూడవ కాన్పును నిశ్చయించువారు ఎవరు? ఇద్దరాడపిల్లలు పుట్టిన యింట మగపిల్లవాడు కావలెనని పట్టుబట్టువారు భర్తయు, అత్తగారును, ఒక్కొక్కచోట కులపెద్దలును. కనుట ఆమె వంతు. అనర్హురాలగుటయు ఆమె వంతే. నిర్ణయము చేయు నధికారము లేనిదానికి ఆ నిర్ణయముయొక్క శిక్ష వేయుట ఏ ధర్మశాస్త్రమున నున్నదో మాకు తెలియదు.

కుటుంబనియంత్రణ భారమును ఎవరు మోసిరో అంకెలు చెప్పుచున్నవి. 1975-77 నాటి అత్యవసర పరిస్థితిలో పురుషులకు బలవంతపు ఆపరేషనులు జరిగి ప్రభుత్వము కూలినది. ఆ పాఠమును పాలకులు చక్కగనే నేర్చుకొనిరి: పురుషుని జోలికి పోరాదు! 1997లో మన రాష్ట్రము జనాభా విధానమును ప్రకటించినది. ఆపరేషను శిబిరములు నిండినవి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున వివాహిత స్త్రీలలో నూటికి దాదాపు 70 మంది ఆపరేషను చేయించుకొన్నవారు. దేశమునందెల్ల ఇది మిక్కిలి హెచ్చు. పురుషులో, నూటికి ఒక్కడైనను లేడు. స్త్రీ యొక్కర్తెకు సగటున 1.7 బిడ్డలు. ఈ విజయమని చెప్పబడునది ఎవరి దేహముమీద వ్రాయబడినదో వేరుగ చెప్పనక్కరలేదు. అదే సర్వేలో 20 మొదలు 24 ఏండ్లలోపు స్త్రీలలో నూటికి 29 మంది పదునెనిమిదేండ్లు నిండకమునుపే పెండ్లియైనవారని తేలినది. పదునేడింట పెండ్లి, ఇరువది రెంట రెండవ కాన్పు, వెంటనే ఆపరేషను, తరువాత ముప్పది యైదవయేట గర్భసంచి తీయించుకొనుట. మా పల్లెలలో ఎందరి జీవితచరిత్రయో ఇంతియే.

అంతలో గాలి మళ్లినది. 2024 నవంబరులో శాసనసభ ఆ యిద్దరి నిబంధనను తొలగించినది. తొలగించుట న్యాయమే, అది పుట్టవలసినదే కాదు. అయితే తొలగించిన కారణము వేరు. రాష్ట్రము ముసలిదగుచున్నదట, యువకులు కొరతపడుదురట. 2025 జనవరిలో, ఇద్దరికన్న నెక్కువ బిడ్డలున్నవారే పోటీకి అర్హులని చెప్పవలసిన కాలము వచ్చినదని ముఖ్యమంత్రిగారు పలికినట్లు పత్రికలలో వచ్చినది. నిన్న మూడవ బిడ్డ అనర్హత. రేపు మూడవ బిడ్డయే అర్హత! ఆ మార్చి 8వ తేదీన, మహిళా దినోత్సవమునాడు, అప్పటికి మన జిల్లాలో నుండిన మార్కాపురమున జరిగిన సభలో, ఎన్నవ కాన్పైనను ఉద్యోగినులకు ప్రసూతి సెలవు ఇత్తుమని ఆయన ప్రకటించిరి. సెలవు మంచిదే. ఆ దినములలోనే విజయనగరము లోకసభ సభ్యులు కలిశెట్టి అప్పలనాయుడు గారు మూడవ బిడ్డ ఆడుదైనచో 50,000 రూపాయలును, మగవాడైనచో ఒక ఆవును ఇత్తునని చెప్పిరి. పత్రికలు దీనిని వినోదవార్తగా వేసినవి. ఆడుబిడ్డకు రొక్కము, మగబిడ్డకు గోవు. తొమ్మిది నెలలు మోసినదానిని గూర్చి ఆ ప్రకటనలో మాట లేదు.

దక్షిణదేశమున జనము తగ్గుటవలన లోకసభ స్థానములు తగ్గునేమో యను భయము నిరాధారమని మేమనము. 1976లో రాష్ట్రములమధ్య స్థానముల సంఖ్యను కదలకుండ కట్టివేసిరి. 2001లో ఆ కట్టును 2026 తరువాతి జనగణన వరకు పొడిగించిరి. తమిళనాట స్టాలిను గారు 2024 అక్టోబరులో, ఒక వివాహవేదికమీద, పదునారుగురిని ఏల కనరాదని చమత్కరించుటకును ఇదియే కారణము. కాని ఢిల్లీలో స్థానములు కాపాడుకొనుట రాజ్యాంగవాదుల పని, పార్టీల పని. దానిని కురిచేడులోని యొక కోడలి కడుపుమీద పెట్టుట యెట్టి రాజనీతి? 2023లో 106వ సవరణ చేసి చట్టసభలలో స్త్రీలకు మూడవవంతు ఇత్తుమని చెప్పి, దానిని జనగణనకును, నియోజకవర్గ పునర్విభజనకును ముడివేసిరి. స్త్రీలకు స్థానములీయ జనగణన జరుగవలెను. స్థానములు నిలుపుకొన స్త్రీలు కనవలెను!

రుమేనియాలో 1966లో నియంత చౌషెస్కూ గర్భస్రావమును నిషేధించి జనాభా పెంచజూచెను. చాటుమాటు నాటువైద్యముచేత వేలకొలది తల్లులు మరణించిరి. దక్షిణ కొరియా ధనము వెదజల్లినను 2023లో సగటు 0.72కు దిగినది. బలవంతమున కనిపించినచో తల్లులు చత్తురు. సొమ్ము చూపినంతమాత్రమున కనరు. పని పోకుండ, జీతము తెగకుండ, చదువు మానకుండ బిడ్డను పెంచుకొను వీలున్నదా లేదా యని ఆడుదానికి తోచవలెను గదా.

ఆ వీలు మాగాణమ్మకు గాని మెట్టపొలపు కూలికి గాని ఏమున్నది? 2017 సవరణచే ప్రసూతి సెలవు 26 వారములైనది. ఇద్దరు బిడ్డలకు పైబడినచో 12 వారములే. అది కార్ఖానాలకు, కార్యాలయములకు, దుకాణములకు. సాగరు కాలువ క్రింద మిరప కోయునట్టి, మెట్టమీద పత్తి తీయునట్టి స్త్రీకి యజమాని పేరే లేదు. నేడు ఒక చేను, రేపొక చేను. మిరప కోతలు సంక్రాంతికి మొదలై ఎండలు ముదురువరకు సాగును. ఘాటుకు చేతులు మండును. ఆ చేతులతోనే బిడ్డకు పాలీయవలెను. వేపకొమ్మకు చీరె కట్టి ఉయ్యాల వేసి, మునుము చివరికి పోయిన తల్లి ఏడుపు విన్నను తిరిగి రాలేదు. వచ్చిన కోత తగ్గును, కూలి తగ్గును. పురుగుమందు కొట్టిన పత్తిచేనిలో నిండు గర్భిణి వంగి లేచుచున్నది. 2013 నాటి ఆహార భద్రతా చట్టము ప్రతి గర్భిణికి 6,000 రూపాయలకు తక్కువ కాకుండ ఈయవలెనని యన్నది. 2017లో వచ్చిన మాతృవందన పథకము దానిని 5,000 చేసి, అదియు మొదటి బిడ్డకే యని కత్తిరించినది; 2022నుండి రెండవది ఆడుబిడ్డయైనచో 6,000 అన్నారు. మూడవ బిడ్డను కనుమని వేదికలమీద. రెండవది మగబిడ్డయైనచో సొమ్ము లేదని కాగితముమీద. ఈ రెండు గొంతులును ప్రభుత్వములవే.

పత్రికల పాత్రను గూర్చి పత్రికలోనే వ్రాయుట మాకు కొంత యిబ్బంది, అయినను వ్రాయవలెను. ఒంగోలు దాపున ఇనమనమెళ్లూరున పుట్టి మదరాసున ప్రసిద్ధ వైద్యులైన కే. ఎన్. కేసరి గారు 1928లో ‘గృహలక్ష్మి’ మాసపత్రికను స్థాపించిరి. వారి ‘లోధ్ర’ స్త్రీల గర్భసంబంధ వ్యాధులకు మందని ఇంటింట వాడుక. మందు అమ్ముడుపోవుటకు పత్రిక, పత్రిక నడచుటకు మందు అని కొందరు నవ్వవచ్చును. కాని యా పత్రికలోనే బాపట్ల వాస్తవ్యులైన కనుపర్తి వరలక్ష్మమ్మ గారు ‘శారద లేఖలు’ వ్రాసి, శారదా చట్టమును, విడాకులను, ఖద్దరును, చదువును ఇంటి యాడువారిచే చర్చింపజేసిరి. 1934లో స్వర్ణకంకణము పొందినదియు వారే. పేరు గృహలక్ష్మియైనను ఆ పత్రికలో మాటలాడినది గృహిణియే; ఆమెను గూర్చి మగవాడు మాటలాడుట కాదు. ఆ భేదము గొప్పది. బాల్యమున వితంతువైన దువ్వూరి సుబ్బమ్మ గారిని ‘దేశబాంధవి’ యని జనము పిలిచినపుడు ఆమెకు బిడ్డలెందరని ఎవరును అడుగలేదు.

నేడో? సాయంకాలము టెలివిజనులో జనాభా చర్చ. నలుగురు మగవారు, వారిలో ముగ్గురు పార్టీవారు. స్త్రీ యున్నచో ఆమె ప్రశ్నలడుగు ఉద్యోగిని. 2021 నవంబరు 19వ తేదీన, తన భార్యను గూర్చి అధికారపక్షమువారు తప్పుగా మాటలాడిరని ప్రతిపక్షనాయకుడు శాసనసభను విడిచివచ్చి కన్నీరు కార్చెను. 2025 జూనులో అమరావతి ప్రాంతపు స్త్రీలను నీచముగా నన్న యొక టెలివిజను చర్చ కేసులవరకు పోయినది. పక్షము లేవైనను ఒకటే రీతి: ప్రత్యర్థిని కొట్టవలెనన్న వాని తల్లిని, భార్యను అనుట, తిరిగి కొట్టవలెనన్న ఆ తల్లి మానమును జెండాగా ఎత్తుట. ఆ యిద్దరిలో ఎవరును ఆమెను ఒక మాట చెప్పుమని కోరరు. ఇట్టి చర్చలను పఠనమందిరముల బల్లలయొద్ద మరల రుచిగా చెప్పుకొనువారము మనమే.

అంగన్‌వాడీల సంగతి చెప్పక ముగింపలేము. పరుల బిడ్డలకు పగటి తల్లులు వారు. 2023 డిసెంబరు 12న సమ్మెకు దిగి 42 దినములు రోడ్లమీద కూర్చుండిరి. కార్యకర్తకు నెలకు 11,500, ఆయాకు 7,000. దానికి జీతమని పేరు లేదు, గౌరవవేతనమట. 2024 జనవరి 6న ప్రభుత్వము వారిమీద అత్యవసర సేవల చట్టమును ప్రయోగించినది. మా వృత్తి కన్నులకు ఇది చిత్రముగా తోచినది: సెలవు, పింఛను అడిగినపుడు స్వచ్ఛంద సేవకురాలు, సమ్మె చేసినపుడు విడువరాని యత్యవసర సేవకురాలు! తల్లికి నింట జరుగునదే ఇక్కడ ప్రభుత్వాజ్ఞగా వెలువడినది.

తల్లి దేవతయని వాదించువారు 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షక చట్టము 6వ విభాగమును ఒకమారు చదువవలెను. మైనరు బిడ్డకు సహజ సంరక్షకుడు తండ్రి; ‘ఆయన తరువాత’ తల్లి. 1999లో గీతా హరిహరన్ కేసున సుప్రీము కోర్టు ‘తరువాత’ యను పదమునకు తండ్రి చనిపోయిన పిదపననియే గాక, ఆయన లేనపుడు, పట్టించుకొననపుడు అనియు అర్థము చెప్పి కొంత కాపాడినది. చట్టములో మాట మాత్రము అట్లే యున్నది. భర్త విడిచిపోయిన తల్లి బిడ్డ పేరిటి గుంట భూమికై కచేరి మెట్లెక్కినపుడు తండ్రి సంతకమేదని గుమాస్తా అడుగుచున్నాడు.

కావున మేము కోరునది పూజ కాదు. దర్శి ఆస్పత్రిలో కాన్పు వైద్యురాలును, మత్తు డాక్టరును రాత్రింబవళ్లు ఉండునట్లు నియమింపవలెను. పొలము కూలికి కాన్పు ముందు, తరువాత కూలి నష్టమును, ఎన్నవ బిడ్డయని యడుగక, ప్రభుత్వము చెల్లింపవలెను. ఆపరేషను మాట వచ్చినచో పురుషునిది సులభమని, అపాయము తక్కువయని మగవారి సభలలో మగవారే చెప్పవలెను. ఎందరు బిడ్డలున్నను, ఒక్కరును లేకున్నను, దానివలన పదవికి అర్హత గాని అనర్హత గాని కలుగరాదు.

ఇక మన వంతు పని యొకటి కలదు. వచ్చు మిరప కోతల కాలమున, మునుములందును కల్లములందును గర్భిణులెందరు, చంటిబిడ్డల తల్లులెందరు, కాన్పైన యెన్నవ దినమున పనికి వచ్చిరి, ఆ దినములలో అప్పెంత చేసిరి అని లెక్క వ్రాసికొన నిశ్చయించితిమి. అడుగువారు స్త్రీలే కావలెను; మేము పుస్తకములు, బండి ఖర్చులు చూచుకొందుము. పేర్లు వ్రాయము. చదువు వచ్చిన అక్కచెల్లెండ్రు, అంగన్‌వాడీ కార్యకర్తలు, కళాశాల విద్యార్థినులు సంక్రాంతికి ముందుగనే తమ యూరి పఠనమందిరమున పేరు నమోదు చేసికొనగోరెదము. పోగైన లెక్కను, వారు చెప్పిన మాటలలోనే, ఈ పుటయందు ప్రకటింతుము.